గిటారు లోపలి పనసబిళ్ళ

మా పార్కు బెంచీల మీద నాకొక ఫిర్యాదు ఉంది. తాడేపల్లిగూడెంలో మా కాలనీ చివర ఒక పార్కు వేసి, అందులో దాతల చేత సిమెంటు బెంచీలు కట్టించారు. దాతలు ఊరికే కట్టించరు కదా. వీపు ఆన్చే చోట తమ తల్లిదండ్రుల పేర్లు ఉబ్బెత్తు అక్షరాలతో పోత పోయించారు. పొద్దున్నే రెండు చుట్లు తిరిగి ఓ పావుగంట చేరగిలబడితే చాలు, ఇంటికొచ్చి చొక్కా విప్పేసరికి నా వీపు మీద ‘జ్ఞాపకార్థం’ అని తిరగేసి అచ్చుపడి ఉండేది. మా ఆవిడ దాన్ని కూడబలుక్కుని చదివి, “పేరు ఒక్కటే పడలేదండీ, ఆ బెంచీ మార్చండి,” అంది. బెంచీ మార్చడానికి బదులు నడక మానేశాను. డాక్టరుగారికి మోకాలు నొప్పి అని చెప్పాను. నడక మానేసిన ముసలివాడికి పొద్దున ఎనిమిదింటికి మిగిలేది టీవీ ఒక్కటే. అలా నాకు అందులో ఖాజా కనిపించాడు.

ఖాజా మొహిద్దీన్ ఏలూరులో మా వీధి వాడు, నా ఈడువాడు. ఫోర్తు ఫారం దాకా నా పక్కన కూర్చుని చదివి, అక్కడ లెక్కలతో పేచీ వచ్చి, వాళ్ళ నాన్నగారి దగ్గర పనిలో కూర్చున్నాడు. లెక్కలతో నాకూ పేచీ ఉండేది గాని, మా నాన్నగారి దగ్గర కూర్చోడానికి పనేమీ లేదు. ఆయన కాలవల ఆఫీసులో హెడ్ గుమాస్తా. అందుకని నేను బి.ఏ. దాకా చదవాల్సి వచ్చింది, ఆ పైన ఇంకా చదివి ఇదే ఊళ్ళో లెక్చరర్ని కూడా కావాల్సి వచ్చింది. ఖాజా మాత్రం అప్పటి నుంచి ఇప్పటి దాకా అదే గదిలో కూర్చుని గిటార్లు చేస్తున్నాడు. చేస్తున్నంత కాలం ఎవరికీ పట్టలేదు. ఎనభై దాటినా ఇంకా మానలేదని తెలిశాక టీవీల వాళ్ళు ఒకరి వెనక ఒకరు ఆ సందులోకి వచ్చారు. ఇప్పటికి మూడు ఇంటర్వ్యూలు అయ్యాయి. మూడూ చూశాను.

టీవీలో ఖాజా పొగరుబోతులా కనిపిస్తాడు. ఈ మాట నేను కాదు, మా పక్కింటి వాళ్ళు అన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. కెమెరా వైపు చూడడు. ప్రశ్న అడుగుతుంటే మధ్యలో వంగి, ఆ యాంకరమ్మాయి కూర్చున్న స్టూలు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. ఆ స్టూలు సంగతి తేల్చుకున్నాక గాని జవాబు చెప్పడు. జవాబు కూడా పిసినారితనంగా ఉంటుంది. “మీ దృష్టిలో గిటారంటే ఏంటండీ?” అని ఆ అమ్మాయి గుండె మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. “పెట్టెండి. తీగలుంటాయి,” అన్నాడు. “ఈ వయసులో ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తోందండీ?” “కూర్చుని చేసే పనే కదండీ.” వాళ్ళు ఏం చేయగలరు పాపం. చిత్రిక పట్టిస్తూ చేతులు చూపించి, వెనక ఏదో విషాద సంగీతం వేశారు. ఆ సంగీతంలో గిటారు లేదు.

నేను చూసినంతలో మొదటి రెండు ఇంటర్వ్యూలూ ఇలాగే గడిచాయి. మూడోది వేరు. దానికి వచ్చిన కుర్రాడు కాస్త చదువుకుని వచ్చినట్టున్నాడు. ఒక గిటారు చేతిలోకి తీసుకుని, నడిమధ్య ఉండే గుండ్రటి రంధ్రంలోకి టార్చిలైటు వేశాడు. కెమెరా లోపలికి తొంగిచూసింది. అడుగు చెక్క మీద అరచెయ్యంత పసుపుపచ్చని పనసకర్ర బిళ్ళ ఒకటి అతికించి ఉంది. “మీరు చేసే ప్రతి గిటార్లోనూ ఈ బిళ్ళ ఉంటుందట. ప్రపంచంలో మరెవరూ పెట్టరట. ఈ రహస్యం ఏంటండీ?” అని అడిగాడు. ఖాజా, “మా అబ్బా గీసిన నమూనాలో ఉందండి. అందుకని పెడతాను,” అన్నాడు. నమూనాలో ఎందుకుంది అని ఆ కుర్రాడు వదలలేదు. “మొదటి గిటారు ఒకటి రిపేరుకొచ్చిందండి. అప్పుడు చెయ్యి జారి పగిలితే మాటు వేశాం.” “ఎవరి చెయ్యండీ?” “నాదేనండి.” ఆ తర్వాత కుర్రాడు కాగితం చూసుకుని, “మీకు చిన్నప్పుడు మద్రాసు వెళ్ళే అవకాశం వచ్చిందని విన్నాం. వెళ్ళి ఉంటే పెద్దపేరు వచ్చేదేమో?” అన్నాడు. ఖాజా మొదటిసారి కెమెరా వైపు చూశాడు. “మా అబ్బా పంపించలేదండి. చెయ్యి జారినవాణ్ణి ఎలా పంపుతాడు?” అన్నాడు.

ఆ చెయ్యి ఖాజాది కాదు. అసలు అది చెయ్యే కాదు.

ఖాజా వాళ్ళ నాన్నగారు మస్తాన్ సాహెబు గారి ఇల్లు మా ఇంటికి ఆరిళ్ళ అవతల ఉండేది. ముందుగది షాపు, వెనకగది సంసారం, మధ్యలో గోనెపట్టా తెర. చుట్టూ తివాచీలు నేసేవాళ్ళ ఇళ్ళు. రంగు వేసిన ఉన్ని దండేల మీద ఆరుతుంటే వీధి మొత్తం తడి గొర్రెలా వాసన వేసేది. షాపులోకి అడుగుపెడితే ఆ వాసన పోయి సరేసు వాసన తగిలేది. పశువుల తోళ్ళు, ఎముకలు మరిగించి చేసే జిగురు అది. నిప్పుల మీద చిన్న కంచుగిన్నెలో పొద్దస్తమానం సన్నగా ఉడుకుతుండేది. దాంట్లో ఏముంటుందో మా అమ్మకు చెప్పలేదు. చెప్పకపోయినా సాయంత్రం నా చొక్కా దండెం మీంచి రెండు వేళ్ళతో తీసి నూతిగట్టు మీద పడేసేది. నేను ఏ గిన్నె పక్కన కూర్చున్నానో ఆవిడకు తెలుసనుకుంటాను. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంట్లో మాకు కుదిరిన ఏర్పాటు అది. చూస్తూ ఉండండి, ఈ ఏర్పాటు నాకు ఎంత అలవాటైపోయిందో.

ఖాజా వాళ్ళమ్మగారు మాత్రం ఆ ఇంట్లో నాకు అరటిపండు తప్ప మరొకటి పెట్టేవారు కాదు. కొల్లేటి చేపలు వచ్చిన రోజున తెర అవతల వేపుడు వాసన ఘుమాయిస్తుంటే, ఆవిడ తెర సందులోంచి చెయ్యి చాపి, “బాబుకి పండు ఇవ్వరా ఖాజా, నీళ్ళు కూడా వాళ్ళింటికెళ్ళి తాగి రమ్మను,” అనేవారు. మా ఇంటి ఆచారం మా కన్నా ఆవిడకే ఎక్కువ పట్టింపు. ఆ పండు తింటూ నేను ఆ వాసన పీల్చినంత భక్తిగా మరే వాసనా పీల్చలేదు.

ఆ రోజుల్లో మస్తాన్ సాహెబు గారి దగ్గరికి గిటార్లు వచ్చేవి కావు. పద్యనాటకాల వాళ్ళ హార్మోనియాలు, ఫిడేళ్ళు, ఎప్పుడైనా ఒక వీణ. నాటకాలవాళ్ళు హార్మోనియం తెచ్చి పడేసి, రేపే ఆట ఉందని తొందరపెట్టేవాళ్ళు. ఆయన “అలాగేనండి బాబూ,” అని ఆ పెట్టెని మూడు రోజులు ముట్టుకునేవారు కాదు. చిన్నా పెద్దా అందరూ ఆయనకు ‘బాబూ’లే. పని మొదలెట్టే ముందు కాళ్ళు కడుక్కునేవారు. కొత్త కర్ర వస్తే ఒక మూల రెండు వేళ్ళతో పట్టుకుని గాలిలో వేలాడదీసి, వేలి కణుపుతో టక్కుమని కొట్టి వినేవారు. ఆయన చెయ్యి లేచిందంటే ఇల్లంతా ఆగిపోయేది. తెర అవతల రోకలి ఆగేది. ఖాజా రంపం ఆపేవాడు. నేను నములుతున్న అరటిపండు బుగ్గన పెట్టుకునేవాణ్ణి. కర్ర చెప్పేది పూర్తిగా అయ్యాక ఆయన తల పంకించేవారు, అప్పుడు రోకలి మళ్ళీ పడేది. యాంకరమ్మాయి స్టూలు మీద ఖాజా కొట్టినప్పుడు ఆ టీవీవాళ్ళెవరూ ఆగలేదు. ఆ ఇంట్లో పెరిగినవాడికి అందరూ మాట్లాడుతూనే ఉంటే జవాబు ఎలా వస్తుంది? పక్కింటివాళ్ళకి ఇదంతా విడమర్చి చెప్పాలంటే నాకు పూటంతా పడుతుంది, వాళ్ళు ఆఫీసులకు వెళ్ళాలి.

గిటారు తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. యుద్ధం రోజుల్లో అక్కడ విమానాలు దిగడానికి మైదానం వేశారు, తెల్ల సోల్జర్లు ఉండి వెళ్ళారు. పోతూ పోతూ వాళ్ళు వదిలేసిన వస్తువుల్లో ఒక గిటారు ఎలాగో దేవదానం మాస్టారి దగ్గరికి చేరింది. ఆయన మిషను బడిలో పంతులు. క్రిస్మస్ పాటలకి ఏటా అదే వాయించేవారు. ఆ ఏడు దాని తీగలు బిగించే చెవి ఒకటి విరిగి, తీగలు కట్టే కొయ్య లేచిపోయింది. దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మస్తాన్ సాహెబు గారు గిటారు చూడటం అదే మొదలు. ఆయన దాన్ని కొట్టి విన్నారు. మళ్ళీ కొట్టి విన్నారు. ఆ పూట రోకలి పడనే లేదు, అన్నం ఆలస్యమైంది. “పండగ ముందు ఆదివారానికి ఇచ్చేస్తానండి బాబూ,” అన్నారు. అన్నదానికి వారం ముందుగానే చెవి, కొయ్య అతికించి, తీగలు బిగించి, తెర పక్కన మేకుకి తగిలించారు.

అదే వారం ఖాజాకు మద్రాసు కబురు వచ్చింది. అక్కడ వాయిద్యాల కంపెనీ నడుపుతున్న ఒక పెద్దమనిషి ఏలూరు వచ్చినప్పుడు ఖాజా కట్టిన హార్మోనియం పెట్టె చూసి వెళ్ళాడు. ‘మీ అబ్బాయిని పంపండి, ఫిడేళ్ళు, గిటార్లు అన్నీ నేర్పిస్తాను, పొంగల్ పండగ తర్వాత వస్తే చాలు,’ అని ఉత్తరం రాశాడు. అది ఇంగ్లీషులో ఉంటే చదివి అర్థం చెప్పింది నేనే. ఖాజా ఆ ఉత్తరాన్ని నా చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. నాలుగోసారి చదువుతున్నప్పుడు పెదవులు కదుపుతూ నాతోపాటు చెప్పాడు. వాడికి అప్పటికి ఇంగ్లీషులో ఆ ఉత్తరం ఒక్కటే వచ్చు. మద్రాసులో సముద్రం షాపుకి దగ్గరేనా అని అడిగాడు. దగ్గరే అన్నాను. నేను అప్పటికి మద్రాసు చూడలేదు.

గిటారు ఇవ్వాల్సిన ఆదివారానికి ముందు ఆదివారం మా కాలేజీ కుర్రాళ్ళం పదిమందిమి కొల్లేరు చూడ్డానికి బయల్దేరాం. శీతాకాలం, పక్షుల రోజులు. నేను అప్పటికే రెండు నెలలుగా క్లాసులో నాకు గిటారు వచ్చని చెప్పుకుంటున్నాను. వాస్తవంలో నాకు గిటారు పక్కన కూర్చోవడం వచ్చు, అదీ వారం రోజులుగా. “ఒక్కపూట ఇవ్వరా, ఫొటోలో పట్టుకుని నుంచుంటాను, అంతే,” అన్నాను ఖాజాతో. “అబ్బాకి తెలిస్తే?” “కర్ర కొనడానికి వెళ్తే మీ అబ్బా సాయంత్రం దాకా రారుగా. నమాజు వేళకి మేకు మీద ఉంటుంది. కావాలంటే నువ్వు కూడా రా, దాని పక్కనే కూర్చో.” వాడు వచ్చాడు. తనకు తెలియని కుర్రాళ్ళ మధ్య సైకిలు మీద, దుప్పటి మూట భుజాన వేసుకుని, ఏలూరు నుంచి రేవు దాకా వచ్చాడు.

అప్పటి కొల్లేరు గురించి ఇప్పుడు చెబితే పిల్లలు మర్యాదకి వింటారు. ఎటు చూసినా నీళ్ళూ, నీళ్ళలో మనిషెత్తు కిక్కస గడ్డీ, ఆ గడ్డి సందుల్లోంచి దోనె దూసుకుపోతుంటే రెండు పక్కలా పుల్లలు గీసుకునే చప్పుడూ. ఎక్కడో మిట్టమీద ఒక లంకగ్రామం, గడ్డి ఇళ్ళు, ఆరేసిన వలలు, ఎండుచేపల వాసన. పడవ మనిషి గెడకర్ర వేస్తూ, “బాబుగారూ, కదలకండి. నీళ్ళు లోతు లేవు గాని బురద మంచిది కాదు,” అంటున్నాడు. ఇప్పుడు నేను ఏలూరు వెళ్ళే దారిలో ఆ వైపు తిరిగి చూస్తే గట్లు, చెరువులు, చెరువుల మధ్య ఇంజన్లు కనిపిస్తాయి. నీళ్ళు ఉన్నాయి, వాటికి మాత్రం యజమానులు వచ్చారు.

ఒక్కసారిగా గూడబాతులు లేచాయి. వందో వెయ్యో నేను లెక్కపెట్టలేదు, లెక్కలతో నా పేచీ సంగతి చెప్పాను కదా. ఆకాశం అంతా రెక్కలు. అందరం నుంచున్నాం. దోనె ఒక పక్కకు ఒరిగింది. పడవ మనిషి “కూర్చోండి బాబూ, కూర్చోండి,” అన్నాడు. నేను కూర్చున్నాను. గిటారు మీద కూర్చున్నాను. ఈ వాక్యాన్ని ఇంతకన్నా గౌరవంగా రాయడానికి అరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, కుదరడం లేదు.

దుప్పటి విప్పి చూస్తే వెనక చెక్క లోపలికి కుంగి, నెర్రె విచ్చి ఉంది. మా క్లాసువాళ్ళు ఇంకా పక్షుల్నే చూస్తున్నారు. ఖాజా దుప్పటి మళ్ళీ కప్పేశాడు. తిరుగుదారిలో సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాం. వీధి మొదట్లో నేను ఆగి, “నేనే చెప్తాన్రా,” అన్నాను. ఆ మాట నేను అన్నాను. అది నాకు స్పష్టంగా గుర్తుంది, ఇన్నేళ్ళుగా దాన్ని పదిలంగా దాచుకుంటున్నాను కూడా.

మస్తాన్ సాహెబు గారు దుప్పటి విప్పారు. కొట్టి వినలేదు. అరచెయ్యి ఆ కుంగిన చోట పెట్టి కాసేపు ఉంచారు. “ఎవరు?” అన్నారు. నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. కాలవల ఆఫీసు నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆయన కూడా ఇదే మాట అడుగుతారు. గిటారు సంగతి ఒకటే కాదు, ఏ ఇంట్లో, ఏ గిన్నె పక్కన, ఎన్నాళ్ళుగా అన్నీ బయటికొస్తాయి. నేను నోరు తెరిచాను. తెరిచినట్టే ఉంది నాకు. ఖాజా, “నేనే అబ్బా. తుడుద్దామని కిందకి దించుతుంటే చెయ్యి జారింది,” అన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

ఆయన కేకలెయ్యలేదు. ఆ రాత్రికి సరేసు గిన్నె ఎక్కించి, మర్నాడు పొద్దున్నే ఒక పాత వీణ కుండలోంచి పనస ముక్క కోసి, గుండ్రంగా చెక్కి, లోపలి నుంచి మాటు వేశారు. మాటు ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను కాలేజీ అవగానే వెళ్ళి కూర్చున్నాను. రోజూ ఏదో ఒక సమయంలో ఆయన ఉలి పక్కన పెట్టి, నా వైపు తిరిగి, మెత్తగా, “ఏమైనా చెప్పాలా బాబూ?” అని అడిగేవారు. “ఏం లేదండి,” అనేవాణ్ణి. ఆయన తల పంకించేవారు. తెర అవతల రోకలి పడేది. చెయ్యి జారితే చెక్క ఏ మేరకు పగులుతుందో, ఒక మనిషి బరువు పడితే ఏ మేరకు కుంగుతుందో తెలియని మనిషి కాదాయన. నాకు అది అప్పుడే తెలుసు. తెలిసి కూడా నాలుగు రోజులూ అరటిపండు తిన్నాను.

ఐదోరోజు గిటారు తీసుకుని తనే తాడేపల్లిగూడెం వెళ్ళారు. “మా చేతిలో పగిలిందండి, మాటు వేశాను, క్షమించాలి,” అని చెప్పారట. దేవదానం మాస్టారు వాయించి చూసి, “ముందుకన్నా బాగా మోగుతోందండీ సాహెబు గారూ,” అన్నారట. మస్తాన్ సాహెబు గారు దాన్ని నిజమనే నమ్మారు. బడిపంతుళ్ళు అబద్ధం చెప్పరని ఆయన అభిప్రాయం. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి గనక ఆ అభిప్రాయం మీద నేను ఏమీ అనను. పండగ అయ్యాక మళ్ళీ ఆ గిటారు అడిగి తెచ్చుకుని, బ్రౌన్ కాగితం మీద లోపలా బయటా కొలతలన్నీ గీసుకున్నారు. మాటు కూడా గీసుకున్నారు. “అది మాటు కదా అబ్బా, అది ఎందుకు?” అని ఖాజా అడిగితే, “మనం ఇంకో గిటారు లోపల చూశామా? దేనివల్ల పలుకుతోందో మనకేం తెలుసు? ఉన్నది ఉన్నట్టు గియ్యాలి,” అన్నారు. అలా ఏలూరులో పుట్టిన ప్రతి గిటారుకీ నేను కూర్చున్న గుర్తు వచ్చింది. ఇన్ని వాయిద్యాల మీద ముద్ర వేసిన లెక్చరరు ఈ జిల్లాలో మరొకరు లేరు.

మద్రాసు ఉత్తరానికి జవాబు కూడా నా చేతే రాయించారు. ‘మా అబ్బాయి చెయ్యి ఇంకా కుదురుకోలేదు. పెద్దచోటికి పంపి మీకు మాట రానివ్వలేను. ఒక ఏడాది నా దగ్గరే ఉంచి పంపుతాను,’ అని ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. మధ్యలో ఆగి, “ఇంతేనా రాయాలండీ?” అని అడిగాను. “ఇంకేమైనా రాయాలంటే చెప్పు బాబూ, రాద్దాం,” అన్నారు. తెరకు ఆనుకుని ఖాజా గరుకు కాగితంతో ఒక చెక్క రుద్దుతున్నాడు. రుద్దటం ఆపలేదు. నేను ఉత్తరం మడిచి, కవరు తడిచేసి అంటించాను. ఆ ఇంగ్లీషులో ఒక్క తప్పు కూడా లేదు. ఏడాది తర్వాత మద్రాసు పెద్దమనిషి వేరేవాణ్ణి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత మేం కలుసుకుంటూనే ఉన్నాం. వాడి పెళ్ళికి వెళ్ళాను, నా పెళ్ళికి వాడు వచ్చాడు. వాడి భార్య జైబున్నీసా నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది. మస్తాన్ సాహెబు గారు ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైనే బతికారు. చివర్లో చూపు పోయి, అరుగు మీద కూర్చుని, నా అడుగుల చప్పుడు విని, “బాబూ, రండి,” అనేవారు. ఏమైనా చెప్పాలా అని మళ్ళీ అడగలేదు. ఖాజాతో కూడా నేనూ ఆ మాట ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. మా అమ్మ దగ్గర నేర్చుకున్న ఏర్పాటు అన్నమాట.

మూడో ఇంటర్వ్యూ చూసిన మర్నాడు పొద్దుటి ప్యాసింజరెక్కి ఏలూరు వెళ్ళాను. వీధిలో ఉన్ని వాసన లేదు. తివాచీల ఇళ్ళలో సగం ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపులు. ముందుగది అలాగే ఉంది, గోనెపట్టా తెర పోయి పూల కర్టెను వచ్చింది. సరేసు గిన్నె ఉన్నచోట ప్లాస్టిక్ డబ్బాలో తెల్లజిగురు ఉంది. దానికి ఏ వాసనా లేదు, ఎవరి అమ్మా దాన్ని పసిగట్టలేదు. ఖాజా చాప మీద కూర్చుని గిటారు వీపు చెక్కకి బిళ్ళ అతికిస్తున్నాడు. నన్ను చూసి, “ఏంట్రా, ఫోనైనా చెయ్యకుండా?” అని పక్కన చోటు చూపించాడు.

“టీవీలో చూశాను,” అన్నాను.

“ఎలా ఉన్నాను?”

“పొగరుగా.”

“మా జైబున్ కూడా అదే అంది,” అన్నాడు, సంతోషించినట్టే ఉన్నాడు.

రైల్లో తయారుచేసుకున్న వాక్యాలన్నీ పోయాయి. “ఒరేయ్, మళ్ళీ ఎవరైనా వస్తే చెప్పెయ్యి. చెయ్యి జారింది నీది కాదని చెప్పు. నా పేరు చెప్పు. నాకేం అభ్యంతరం లేదు,” అన్నాను. అలా నేను ఉదారంగా అనుమతి ఇచ్చాను.

వాడు బిళ్ళ మీద బొటనవేలు నొక్కి పట్టి, అది అంటుకున్నాక వేలు తీశాడు. “ఇప్పుడెందుకురా? గిటార్లు చేసుకుంటూ బతికాను. మద్రాసులో అయినా అవే చేసేవాణ్ణి.”

“సముద్రం ఉండేది.”

“చూసొచ్చాగా, అజ్మీరు వెళ్ళినప్పుడు బొంబాయిలో దిగి. ఉప్పునీళ్ళు,” అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు నా మోకాలి మీద జిగురు చెయ్యి వేసి, “వదిలెయ్, విశ్వం. పెద్దవాళ్ళమైపోయాం,” అన్నాడు.

కర్టెను తొలగించి జైబున్నీసా రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో నాకు టీ ఇస్తారు. ఆవిడ లోపలి నుంచి అంతా విన్నదని మొహం చూస్తే తెలిసింది. నా గ్లాసు నా చేతికిచ్చి, ఖాజా గ్లాసు చెక్కపొట్టు లేనిచోట పెట్టి, పైట సర్దుకుని నుంచుంది.

“అది మా మామగారికి చెప్పాల్సిన మాటండీ అన్నయ్యగారూ,” అంది. “రోజూ అడిగారంట కదా మిమ్మల్ని.”